కడుపులోని బిడ్డకు మద్యం సెగ తగలకుండా

(గుంటూరులో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, నర్సింగ్ విద్యార్థినుల కోసం ఏర్పాటైన సభలో ఒక విశ్రాంత పిల్లల వైద్య ఆచార్యురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం.)

అందరికీ నమస్కారం. ఈ ఎండలో, సర్వేలూ రిజిస్టర్లూ పక్కన పెట్టి వచ్చారు, సంతోషం. పక్కన పెట్టకుండా వచ్చినవాళ్లు కూడా ఉన్నట్టున్నారు, వెనక వరుసలో ఫోన్లలో ఎంట్రీలు జరుగుతూనే ఉన్నాయి. కానివ్వండి. (నవ్వులు)

ఈ విషయం మీద మాట్లాడతానంటే నిర్వాహకుల్లో ఒకరు మొహమాటంగానే అడిగారు: "మేడం, మన గుంటూరులో గర్భిణులు మందు తాగుతారా? ఇది విదేశాల సమస్య కదా?" అని. ఆయన ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు నిండిన స్త్రీలలో మద్యం తాగుతామని చెప్పినవారు 0.5 శాతం. పక్కన తెలంగాణలో 6.7 శాతం. అర శాతమంటే రెండు వందల మందిలో ఒకరు. మీలో ఒక్కొక్కరి పరిధిలో ఎన్ని గడపలున్నాయో మీకే బాగా తెలుసు, లెక్క వేసుకోండి. పైగా ఇది తాగుతామని "చెప్పినవారి" లెక్క. సర్వేకు వచ్చిన అమ్మాయి వరండాలో కూర్చుని అడుగుతుంటే, అత్తగారు వంటింట్లోంచి చెవి వేసి వింటుంటే, ఏ కోడలు అవునంటుంది?

ఇంకొక సంగతి. ఈ గుంటూరుకు పురిటికి వచ్చే అమ్మాయిలు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నారు? హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి. ఏడో నెలలో సీమంతం చేసి తీసుకొస్తారు. మొదటి ఆరు నెలలు ఆమె ఏం తిందో, ఏం తాగిందో, మీ కార్డులో ఎక్కడా ఉండదు. అటు ఏజెన్సీ మండలాల్లో జీలుగు కల్లు, ఇప్పసారా ఆచారంలో భాగం. ఇటు కూలి పనికి వెళ్లి ఒళ్లు హూనమై వచ్చి సాయంత్రం ఒక గ్లాసు తీసుకునే ఆడవాళ్లు మన పేటల్లోనే ఉన్నారు. ఈ ముగ్గురిలో డబ్బున్న అమ్మాయిని మనం అడగం, పేద ఆమెను అడక్కుండానే తిడతాం. నాకున్న కోపం అక్కడే.

సరే, లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కల్లు, సారా, బీరు, విస్కీ, పేరు ఏదైనా పనిచేసేది ఇథనాల్. చాలా చిన్న అణువు. నీళ్లలోనూ కలుస్తుంది, కొవ్వులోంచీ జారిపోతుంది. మావి ఎన్నో వాటిని ఆపుతుంది గాని దీన్ని ఆపలేదు. గంటా రెండు గంటల్లో బిడ్డ రక్తంలో మద్యం తల్లి రక్తంలో ఉన్నంతకు చేరువవుతుంది. తల్లికి దాన్ని విరగ్గొట్టే కాలేయం ఉంది. బిడ్డ కాలేయంలో ఆ ఎంజైములు అంతంత మాత్రమే. కాబట్టి బిడ్డ ఒంట్లో చేరినది మళ్లీ మావి మీదుగా తల్లి రక్తంలోకి వెళ్లి, అక్కడ విరగాలి. ఈలోగా కొంత ఉమ్మనీటిలో చేరుతుంది. బిడ్డ ఆ ఉమ్మనీరు మింగుతుంది, అందులోనే మూత్రం పోస్తుంది, మళ్లీ మింగుతుంది. తల్లికి మత్తు దిగిపోయాక కూడా బిడ్డకు ఇంకా తాకిడి ఉంటుందన్నమాట.

"బీరే కదా మేడం" అనే మాట నేను వినీ వినీ ఉన్నాను. 5 శాతం బీరు, 650 మిల్లీలీటర్ల సీసా తీసుకుంటే అందులో ఇథనాల్ దాదాపు 26 గ్రాములు. క్వార్టర్ సీసా విస్కీలో దాదాపు 60 గ్రాములు. కల్లుకు అసలు చీటీయే ఉండదు. పొద్దున తియ్యగా దిగినది సాయంత్రానికి ఎంత పులిసిందో చెట్టుకూ తెలియదు, గీసినవాడికీ తెలియదు. గర్భిణికి ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పగల మోతాదును ఇప్పటిదాకా ఎవరూ నిర్ధారించలేదు. ఒక్కసారిగా ఎక్కువ తాగడం మాత్రం మరీ చెడ్డది, ఎందుకంటే రక్తంలో స్థాయి ఒక్కసారిగా పైకి లేస్తుంది.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1899లో ఇంగ్లండులో లివర్‌పూల్ జైలు వైద్యుడు విలియం సలివాన్ ఒక పని చేశాడు. తాగుడుకు బానిసలై జైలుకు వచ్చిన 120 మంది స్త్రీల కాన్పుల చరిత్ర రాసుకున్నాడు. వాళ్లకు పుట్టిన 600 మంది పిల్లల్లో సగానికి పైగా మృతశిశువులుగా పుట్టారు, లేదా రెండేళ్లు నిండకముందే పోయారు. అదే స్త్రీల బంధువుల్లో తాగని తల్లుల పిల్లల్లో అలా పోయినవారు దాదాపు నాలుగో వంతు. ఇందులో నాకు ముఖ్యమనిపించేది ఈ లెక్క కూడా కాదు. అంతకుముందు బిడ్డలను పోగొట్టుకున్న కొందరు స్త్రీలు, గర్భం మొదట్లోనే జైల్లో పడి, తాగడానికి దొరక్క, ఆరోగ్యమైన పిల్లలను కన్నారు. జైలు మంచిదని నేను చెప్పడం లేదు. అదే గర్భసంచి, అదే తల్లి, మద్యం ఆగింది, బిడ్డ బతికింది. బిడ్డ అవయవాలను కాపాడే మందు ఏమిటని ఇప్పుడు మనం ప్రయోగశాలల్లో వెతుకుతున్నాం. దానికి మొదటి జవాబు ఆ జైలు రిజిస్టరులోనే ఉంది.

తర్వాత దాదాపు 70 ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1968లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో పాల్ లెమ్వాన్ అనే పిల్లల వైద్యుడు 127 మంది పిల్లలను పరిశీలించి రాశాడు. ఫ్రెంచిలో రాయడం వల్ల బయట చదివినవారు తక్కువ. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో కెనెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ బృందం కొద్దిమంది పిల్లలను చూపించి, ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది. కళ్ల చీలిక చిన్నదిగా ఉండటం, ముక్కుకూ పైపెదవికీ మధ్య ఉండే గాడి చదునైపోవడం, పైపెదవి పలచబడటం, ఎదుగుదల తగ్గడం, మెదడు దెబ్బతినడం. ఇవి దాని గుర్తులు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంటికెళ్లి పక్కింటి పిల్లవాడి మూతి చూసి తీర్పు చెప్పకండి! గాడి చదునుగా ఉన్న ప్రతి పిల్లవాడి తల్లినీ అనుమానిస్తే ఊళ్లో కాపురాలు నిలవవు. (నవ్వులు) ముఖంలో గుర్తులున్న పిల్లలు బాధితుల్లో కొద్దిమందే. ముఖం రూపానికి పునాది పడేది పిండం మూడో వారంలోని కొద్ది రోజుల్లో. నెల తప్పిందో లేదో ఆమెకే తేలని రోజులవి. ఆ తర్వాత తాగినా ముఖం చక్కగానే ఉండొచ్చు, లోపల మాత్రం వేరే అవయవాలు తయారవుతూ ఉంటాయి. స్కూల్లో లెక్కలు రాని పిల్లవాడు, ఒక్క చోట కూర్చోలేని పిల్లవాడు, చెప్పింది చెప్పినట్టు మరిచిపోయే పిల్లవాడు, "అల్లరి వెధవ" అనిపించుకుంటూ పెరుగుతాడు. అలాంటి పిల్లలందరికీ కారణం ఇదేనని కాదు, ఇలాంటివాళ్లు కూడా వాళ్లలో ఉంటారని.

మెదడు గురించే అందరూ చెబుతారు కాబట్టి నేను మూత్రపిండాల దగ్గర కాసేపు ఆగుతాను. మన మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సూక్ష్మ భాగాలను నెఫ్రాన్లు అంటాం. ఒక్కో మూత్రపిండంలో సగటున పది లక్షలు. మనిషికీ మనిషికీ తేడా చాలా ఎక్కువ. ఇవి తల్లి కడుపులోనే, సుమారు 36వ వారం దాకా తయారవుతాయి. ఆ తర్వాత జీవితంలో ఒక్కటి కూడా కొత్తగా రాదు. మీలో వ్యవసాయ కుటుంబాలవాళ్లకు తెలుసు: వరి పొట్ట దశలో కాలువ నీళ్లు తప్పితే తాలు పడుతుంది. తర్వాత కాలువ నిండా వదిలినా ఆ తాలు గింజ పాలు పోసుకోదు. నెఫ్రాన్ల సంగతీ అంతే. ఆస్ట్రేలియాలో గొర్రెల మీద చేసిన ప్రయోగంలో, గర్భం చివరి భాగంలో మద్యం ఇచ్చినప్పుడు కడుపులోని పిల్లల మూత్రపిండాల బరువూ పరిమాణమూ మామూలుగానే ఉన్నాయి, నెఫ్రాన్లు మాత్రం తగ్గాయి. అంటే స్కానింగులో కొలిచినా తెలియదు. ఎలుకల్లో అలా పుట్టిన పిల్లలకు పెద్దయ్యాక రక్తపోటు పెరిగింది. పుట్టినప్పుడు మూడు కిలోలున్నాడు కదా, ఇంకేం భయం అని మనం ఊపిరి పీల్చుకుంటాం. కొరత నలభయ్యో ఏట బయటపడొచ్చు.

గుండె గోడలు మొదటి ఎనిమిది వారాల్లోనే ఏర్పడతాయి, కాబట్టి గుండెలో రంధ్రాలు ఆ కాలపు దెబ్బ. ఊపిరితిత్తుల్లో క్రిములను మింగే రక్షక కణాలు బలహీనపడతాయి, దాంతో శిశువుకు అంటువ్యాధులు ఎక్కువ. కాలేయం, ఎముకలు, వీటన్నిటికీ వాటి వాటి వాటా ఉంది. వివరాల్లోకి వెళ్తే మీ మధ్యాహ్న భోజనం చల్లారిపోతుంది.

ఇప్పుడు కాపాడటం మాట. మద్యం హాని చేసే దారులు తెలిశాయి కాబట్టి, ఆ దారుల్లో అడ్డం నిలబడే పదార్థాలను శాస్త్రజ్ఞులు వెతికారు. మద్యం వల్ల కణాల్లో వాటిని దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ అణువులు పోగుపడతాయి, దీన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటాం. దాన్ని తగ్గిస్తే? అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో గినీ పందుల మీద చూశారు. కణాలను ఆ ఒత్తిడి నుంచి కాపాడే గ్లూటాథయోన్ తయారీకి తోడ్పడే పదార్థాన్ని తల్లికిస్తే, పిల్లల ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు మెరుగ్గా పనిచేశాయి. క్లీవ్‌లాండ్‌లో కౌజు పిట్టల గుడ్లలోకి మద్యం ఎక్కించి, గ్లూటాథయోనో, బీటైన్ అనే పోషకమో తోడుగా ఇస్తే గుండె లోపాలు తగ్గాయి. ఆస్ట్రేలియాలోని ఎడిలైడ్‌లో ఎలుకలకు జింకు ఇచ్చి చూశారు, అక్కడా లోపాలు తగ్గాయి. మద్యం తాగినప్పుడు తల్లి కాలేయం జింకును పట్టి ఉంచుకుంటుంది, బిడ్డకు కొరత పడుతుంది. అందుకని జింకు.

వింటుంటే ఆశ పుడుతుంది. కానీ ఒక పదార్థం ఒకచోట కాపాడి మరోచోట చంపగలదు. మూత్రపిండాల కథే తీసుకోండి. విటమిన్ ఎ నుంచి ఒంట్లో రెటినాయిక్ ఆమ్లం తయారవుతుంది. అవయవాల రూపానికి అది అవసరం. మద్యం ఆ తయారీకి అడ్డం పడుతుంది. ప్రయోగశాలలో పెంచిన ఎలుక పిండం మూత్రపిండానికి మద్యం తగిలించి, పైన రెటినాయిక్ ఆమ్లం వేస్తే ఎదుగుదల చాలావరకు కోలుకుంది. మరి గర్భిణికి ఇద్దామా? ఇచ్చామంటే అంతే సంగతులు. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ ఈ కుటుంబానికి చెందినదే. గర్భంలో వాడితే బిడ్డ ముఖం, గుండె, మెదడు దెబ్బతింటాయని దశాబ్దాలుగా తెలుసు. విటమిన్లే కదా, ఎక్కువైతే ఏమవుతుంది అనేవాళ్లకు ఇంకొకటి: 2006లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో, గుర్రపువాతానికి దారితీసే రక్తపోటు జబ్బు రాకుండా గర్భిణులకు విటమిన్ సి, ఇ పెద్ద మోతాదుల్లో ఇచ్చారు. ఆ జబ్బు ఆగలేదు, బరువు తక్కువ పిల్లలు మాత్రం ఎక్కువగా పుట్టారు.

మనుషుల దాకా వచ్చి కొంత నిలబడినది కోలిన్. ఇది మెదడు కణాల పొరలకూ, జన్యువులు ఎప్పుడు పనిచేయాలో తేల్చే రసాయన గుర్తులు పడటానికీ అవసరమైన పోషకం. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో బాగా తాగే గర్భిణులకు రోజుకు 2 గ్రాముల కోలిన్ ఇచ్చిన అధ్యయనం 2018లో వెలువడింది. ఆ పిల్లలు ఎదుగుదలలో త్వరగా పుంజుకున్నారు, కొన్ని జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగ్గా చేశారు. ఉక్రెయిన్‌లో చేసిన మరో అధ్యయనంలో మాత్రం, మల్టీవిటమిన్, ఖనిజాలు తీసుకున్న తల్లుల పిల్లలు మెరుగ్గా ఉన్నారు గాని, వాటికి కోలిన్ కలపడం వల్ల అదనంగా ఒరిగింది కనబడలేదు. రెండూ చెప్పాలి. ఒకటి చెప్పి ఒకటి దాస్తే రేపు ఏదో కంపెనీ సీసా పట్టుకుని మీ ముందుకు వస్తుంది.

ఒక పెద్ద కోడిగుడ్డులో కోలిన్ సుమారు 150 మిల్లీగ్రాములు. గర్భిణికి రోజుకు కావలసింది 450. కేప్‌టౌన్‌లో ఇచ్చిన 2 గ్రాములు గుడ్లతో రావాలంటే రోజుకు పదమూడు తినాలి, అది ఆహారం కాదు, శిక్ష. అయినా అంగన్‌వాడీలో మీరిచ్చే గుడ్డు ఆమె తింటోందా, పెద్దపిల్లవాడి కంచంలోకి పోతోందా అన్నది చాలా ముఖ్యం. తాగే స్త్రీకి సాధారణంగా ఆకలి ఉండదు, తిండికి డబ్బు ఉండదు. మద్యం ఫోలేటు అనే విటమిన్‌ను కూడా సరిగా ఒంటపట్టనివ్వదు. అందుకే ఐరన్, ఫోలిక్ మాత్రలు, గుడ్డు, పాలు, పప్పు, సోయా, ఆకుకూరలు ఆమెకు మిగతావారికన్నా ఎక్కువ అవసరం. కాలేయం మాంసంలో కోలిన్ బాగా ఉంటుంది గాని, అందులో విటమిన్ ఎ కూడా దండిగా ఉంటుంది, గర్భిణికి రోజూ పెట్టకండి. ఈ పోషకాలేవీ "తిని తాగొచ్చు" అనే అనుమతి పత్రాలు కావు. తాగడం కొనసాగుతుంటే గుడ్డు కొంత తట్టుకోవడానికి సాయపడొచ్చు, అంతే.

ఆపించడం ఎలా? ముందు అడగడం నేర్చుకోవాలి. "నువ్వు మందు తాగుతావా?" అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. "అమ్మా, నెల తప్పినట్టు తెలియకముందు, పెళ్లిలోనో పండక్కో కల్లుగాని, బీరుగాని ఎప్పుడైనా తీసుకున్నావా? తెలిశాక?" అని అడగండి. బరువు, రక్తపోటు, మాత్రలు అడిగే వరుసలోనే, అందరినీ, కారు దిగిన అమ్మాయిని కూడా. అత్తగారిని మంచినీళ్లు తెమ్మని పంపి అడగండి. అవునంటే మీ ముఖం మారకూడదు. మీ ముఖం మారిన మరుక్షణం ఆమె వచ్చే నెల చెకప్‌కు రాదు. అప్పుడు ఆమెకూ బిడ్డకూ దిక్కెవరు?

రెండో ముఖ్య విషయం, ఇది ప్రాణాలకు సంబంధించింది. ఎప్పుడో ఒకసారి తాగే ఆమెకు "ఈ రోజే ఆపెయ్" అని చెప్పండి. కానీ పొద్దున లేవగానే తాగకపోతే చేతులు వణికే ఆమెకు, చెమటలు పట్టే ఆమెకు అలా చెప్పకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, తల్లికీ బిడ్డకూ ప్రమాదం. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ వైద్యుల పర్యవేక్షణలో, థయామిన్ అనే బి1 విటమిన్ ఇస్తూ, జాగ్రత్తగా మాన్పిస్తారు. ఎవరిని అడగాలో తెలియకపోతే 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్. ఇకపోతే గోడల మీద, బస్సుల వెనక రాసి ఉంటుందే, "తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి, తాగుడు మానేస్తారు" అని. ఆ పొడులు గర్భిణికి ఎవరూ పెట్టకుండా చూడండి. అందులో ఏముందో పెట్టేవాళ్లకు తెలియదు.

ఇక మగవాళ్లు. అదే సర్వేలో మన రాష్ట్రంలో తాగుతామని చెప్పిన మగవారు 23.3 శాతం. ఇంట్లో సీసా తెచ్చేది ఎవరు, పక్కన కూర్చోమని గ్లాసు పోసేది ఎవరు, కొట్టేది ఎవరు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు అడిగిందీ ఇదే. ఇప్పుడు జీవశాస్త్రం కూడా వాళ్ల పక్కన నిలబడుతోంది. టెక్సాస్‌లో చేసిన ఎలుకల ప్రయోగాల్లో, తండ్రి ఎలుకకు మాత్రమే మద్యం ఇచ్చినా పిల్లల ముఖాకృతిలో మార్పులు కనబడ్డాయి. మనుషుల్లో అంతే జరుగుతుందని నేను చెప్పను. కానీ వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. బిడ్డ కావాలనుకున్న మగవాడు మూడు నెలల ముందు మానేస్తే పోయేదేముంది, వైన్ షాపువాడికి తప్ప?

ప్రశ్నలకు కొంచెం సమయం ఉందంటున్నారు. ఒకటి చీటీ మీద వచ్చింది: "ఒకామె గర్భమని తెలియక పెళ్లిలో తాగింది. ఇప్పుడు రెండో నెల. తీయించుకోమందామా?" వద్దమ్మా. అలా తాగిన చాలామందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారు. ఆపేయమనండి, ఫోలిక్ మాత్రలు వేసుకోమనండి, 18 నుంచి 20 వారాల మధ్య స్కానింగు తప్పకుండా చేయించండి, డాక్టరుకు జరిగింది చెప్పమనండి. భయపెడితే ఆ భయానికి మళ్లీ తాగే ప్రమాదం ఉంది.

చివరి ప్రశ్న మీ దగ్గర నుంచా అమ్మా? కాస్త గట్టిగా. ఆయుర్వేద మందుల్లోని అరిష్టాల గురించి, బాలింతకు బ్రాందీ గురించి. మంచి ప్రశ్న. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి, వాటిలో ఆల్కహాల్ దానంతట అదే పుడుతుంది. చీటీ మీద ఎంత శాతమో రాసి ఉంటుంది, చదవండి. 10 శాతం ఉన్నదాన్ని 15 మిల్లీలీటర్లు తాగితే గ్రాముకు కొంచెం పైన అవుతుంది, బీరుతో పోలిస్తే చాలా తక్కువ. అయినా గర్భిణి ఎవరినీ అడక్కుండా వాడకూడదు. బ్రాందీ వేరు. చలి చేస్తుందని బాలింతకు పోస్తే, రక్తంలో మద్యం ఎంత శాతం ఉంటుందో పాలలోనూ దాదాపు అంతే శాతం ఉంటుంది. 10 గ్రాములు తాగితే పాలు శుభ్రపడటానికి రెండు మూడు గంటలు పడుతుంది. పసిబిడ్డకు జలుబని నాలుక మీద చుక్క రాయడం అసలే వద్దు. అలా రాసే అమ్మమ్మను కసరకండి, ఆమెకు తెలిసిన ప్రేమ అది. ఆ సీసా ఇంట్లోకి ఎలా వచ్చిందో మాత్రం అడగండి. మీ కార్డులో రాయాల్సిన సంగతి ఏదైనా అక్కడ బయటపడొచ్చు.